సంశయవాది తల వంచవలెనా?

మన వాఙ్మయంలో సంశయవాదికి చోటు లేదని ఎవరనగలరు? చోటున్నది, అయితే చివరకు తల వంచితేనే. అయోధ్యాకాండలో జాబాలి పరలోకం లేదని రామునితో నిర్భయంగా వాదించాడు. రాముడు కోపించగానే, తాను నాస్తికుణ్ణి కాననీ, అతనిని మరలించడానికే అలా పలికాననీ మాట మార్చాడు. పదునాలుగవ శతాబ్దపు ‘సర్వదర్శన సంగ్రహం’లో మాధవాచార్యుడు చార్వాకునికే మొదటి అధ్యాయమిచ్చాడు. గౌరవమని భ్రమించరాదు, ముందుగా పడగొట్టడానికే ఆ అగ్రస్థానం.

కబీరు నాస్తికుడు కాడు. అయినా మఠాలనూ మహంతులనూ నిలదీసిన ఆయన పేరిటనే, నేనుండే గుఢియారీకి అంత దూరం కాని దామాఖేడాలో, వంశపారంపర్యంగా గురుపీఠం నడుస్తున్నది. అచటి భక్తులు సజ్జనులే. నా తగవు వారితో కాదు. ప్రశ్నించినవానిని ప్రశ్నింపరానివానిగా చేసే మన నేర్పుతోనే.

చలనచిత్రమూ ఇదే బాట. 1947 నాటి ‘యోగి వేమన’లో నాగయ్యగారి నటన అపూర్వం. కాని పేరులోనే యోగి ముందు నిలిచాడు, నిలదీసిన కవి వెనుకబడ్డాడు. సత్యజిత్ రాయ్ ‘దేవి’ (1960) మాత్రం ఓదార్పు చెప్పదు. మామగారి కలవల్ల కోడలు దేవత అయింది. చదువుకున్న భర్త ఆమెను తప్పించబోతే, తాను నిజంగా దేవినేమోనన్న సంశయం ఆమెకే కలిగింది!

దేవుణ్ణి నమ్మనివానికి నీతి ఉండదనేవారు గోరాగారిని తలచుకోవాలి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పిన ఆయన గాంధీజీ ఎదుట కూడా తన నాస్తికతను దాచలేదు. కుమార్తెకు కులాంతర వివాహం తలపెట్టినప్పుడు, ఆ తంతులో దేవుని పేరుకు బదులు సత్యమనడానికి గాంధీజీయే సమ్మతించారు. 1948 మార్చిలో, ఆయన హత్య జరిగిన కొద్ది వారాలకు, సేవాగ్రాంలో ఆ పెండ్లి జరిగింది.