అన్నమయ్య పుట్టింది 1408లోనా, 1424లోనా?

రాజంపేట దగ్గర తాళ్లపాకలో ఉన్న 108 అడుగుల అన్నమయ్య విగ్రహాన్ని తిరుపతి వెళ్తూ మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఆయన 600వ జయంతి గుర్తు. ఆ ఉత్సవాలు జరిగింది 2008లో. అంటే ఆయన పుట్టింది 1408లో అన్నమాట. కానీ కొన్ని పుస్తకాలు తిరగేస్తే 1424 అని ఉంటుంది. ఆ లెక్కన 600 ఏళ్లు నిండింది 2024లో! బడిలో వ్యాసం రాసే పిల్లాడు ఏది రాయాలి?

తమాషా ఏమిటంటే, ఈ రెండు తేదీలూ ఒకే రాగిరేకు మీది ఒకే వాక్యంలోంచి వచ్చాయి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దొరికిన రేకుల్లో శృంగార సంకీర్తనల మొదట ఆ వాక్యం ఉంది. శాలివాహన శకం 1346, క్రోధి సంవత్సరం అని మొదలవుతుంది. అన్నమాచార్యులు అవతరించడం, పదహారేళ్లకు స్వామి ప్రత్యక్షం కావడం, అది మొదలు శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన సంకీర్తనలు చెప్పడం... అన్నీ వరసగా వచ్చేస్తాయి.

చిక్కంతా మన తెలుగు వాక్యంలోనే ఉంది. 'మావాడు 2010లో పుట్టిన అయిదేళ్లకు బడికి వెళ్లాడు' అంటే 2010 పుట్టిన ఏడాది. అదే '2010లో, మావాడు పుట్టిన అయిదేళ్లకు, బడికి వెళ్లాడు' అంటే బడికి వెళ్లిన ఏడాది. తేడా అంతా కామాల్లో ఉంది. రాగిరేకు మీద కామాలెక్కడివి!

ఇంకో ముడి కూడా ఉంది. శక 1346 అంటే క్రీస్తుశకం 1424. రేకు చివర వచ్చే శక 1424 ఏమో క్రీస్తుశకం 1503 ఫిబ్రవరిలో పడుతుంది. అంకెలు ఒకటే, అర్థాలు వేరు. తొందరపడి చదివితే పుట్టుకా చావూ కలిసిపోతాయి.

మరి ఏది నమ్మాలి? ఆ వాక్యం ఎందుకు చెక్కారో చూడండి. అది జాతకం కాదు, సంకీర్తనల పద్దు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో చెప్పడం దాని పని. ముగింపుకు ఏడాది, నెల, తిథి ఇచ్చినవాళ్లు మొదలుకు కూడా ఏడాది ఇస్తారు కదా. కాబట్టి క్రోధి అన్నది స్వామి ప్రత్యక్షమైన ఏడాది. అందులోంచి పదహారు తీసేస్తే 1408, సర్వధారి.

లెక్క కూడా అటే మొగ్గుతుంది. రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా చెప్పాడని, మొత్తం 32 వేలని సంప్రదాయం. 1424 నుంచి 78 ఏళ్లకు రోజుకొకటి చొప్పున వేసుకున్నా 28 వేలు దాటతాయి. 1440లో మొదలుపెట్టాడంటే 23 వేల దగ్గర ఆగిపోతాయి. 32 వేలు ఇంటివాళ్లు గుండుగుత్తగా చెప్పిన అంకె కావచ్చు, దాని మీద మరీ బరువు వేయలేం. నా మొగ్గు మాత్రం వాక్యం వల్లే 1408 వైపు.

'95 ఏళ్లు బతికాడా?' అని సందేహించేవాళ్లున్నారు. బతకకూడదని ఎక్కడుంది? పైగా రేకులు చెక్కించింది కొడుకు పెద తిరుమలాచార్యులు. నాన్న వయసు ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన తాతగారి చరిత్రలో అన్నమయ్య ఎనిమిదో ఏటనే కొండెక్కాడు. రేకేమో పదహారంటుంది. ఇక్కడ పేచీ లేదు. కొండెక్కడం వేరు, స్వామి కనిపించి సంకీర్తనలు మొదలవడం వేరు.