లెక్కించని బిడ్డలు లేని బిడ్డలు కారు



"మా కాలంలో ఈ ఆటిజం లేదండీ! సెల్‌ఫోన్లు వచ్చి, తల్లులు ఉద్యోగాలకు పోయాక పుట్టిన జబ్బు ఇది." మా భవానీపురంలో సాయంకాలపు నడకకు వచ్చే పెద్దల నోట ఈ తీర్పు తరచు వింటున్నాను. చదువుకున్నవారే, నా ఈడువారే. అయినా ఈ తీర్పును ఖండించక తప్పదు.

మాట లేకపోవడం వేరు, మనిషి లేకపోవడం వేరు. వ్యాకరణం పుట్టకముందే భాష ఉన్నది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండుగురు పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. వర్ణించాడే కాని సృష్టించలేదు. అప్పటికి సెల్‌ఫోను ఎక్కడిది? మన ఊళ్లలో అటువంటి బిడ్డను మొండి అన్నాము, మొద్దు అన్నాము, మాలోకం అన్నాము. బడిలో నిలువలేక ఇంటికి మళ్లిన బిడ్డ పేరు హాజరుపట్టీలో ఉండదు. ఆ పట్టీ చూపి "మా బడిలో లేరు" అనడం గొడుగు కింద నిలబడి వాన లేదనడమే.

తల్లిని నిందించడమూ కొత్త కాదు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ గ్రంథం తల్లుల నిరాదరణే దీనికి మూలమని ప్రచారం చేసింది. శాస్త్రం ఆ వాదాన్ని ఏనాడో తోసిపుచ్చింది. మన వీథుల్లో మాత్రం ఆ నింద నేటికీ కోడళ్ల నెత్తినే పడుతున్నది.

ఇక అంకెలు. 2021లో ప్రపంచంలో 127 మందికి ఒకరు ఆటిజం కలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన అయిదువందల మంది పిల్లలున్న బడికి నలుగురు. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల్లో 2000లో 150కి ఒకరుండగా, 2022లో 31కి ఒకరు. ఈ పెరుగుదలలో పెద్ద భాగం నిర్వచనం విశాలమై, వెతికే కన్ను నిశితమైనందువల్లనే. మన దేశంలో హైదరాబాదుతో కలిపి ఐదు ప్రాంతాల్లో 3,964 మంది పిల్లలను పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. రెండు నుండి తొమ్మిదేళ్ల లోపు వారిలో సుమారు ఎనిమిదిమందికి ఒకరిలో ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక లోపం కనబడింది. ఆటిజం వాటిలో ఒకటి. వెతికినచోట కనబడుతున్నారన్నమాట!

మరి మన ప్రభుత్వాలో? 1995 నాటి చట్టం చెప్పిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 2011 జనగణన పత్రంలో దానికి వేరే గడి లేదు. 2016 చట్టం ఇరవయ్యొక్క వైకల్యాల్లో దీనినీ చేర్చింది. గడి లేనిచోట ఈ బిడ్డ బుద్ధిమాంద్యం కిందనో, 'ఇతరములు' కిందనో జమ అవుతాడు. పద్యంలో పదం తప్పితే అర్థం చెడుతుంది. ఇక్కడ పదం తప్పితే బిడ్డకు సకాలంలో అందవలసిన శిక్షణే తప్పిపోతుంది.

ప్రకాశం బ్యారేజీ నుండి ఎన్ని క్యూసెక్కులు వదిలారో పత్రికలో చదువుకుంటాము. అంత శ్రద్ధగా మన బిడ్డలనూ లెక్కపెట్టమని అడుగుతున్నాను. జనగణనలో ఆటిజానికి ప్రత్యేకమైన గడి ఉండాలి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావలసినది వేలితో చూపుతున్నాడా అని ప్రతి అంగన్‌వాడీలో రెండేళ్లలోపే గమనించాలి.

అంతవరకు "మా కాలంలో లేదు" అనే పెద్దలు దయచేసి "మేము చూడలేదు" అని మాట దిద్దుకోవాలి.