పలక మీద మన కూలి లెక్క

"చదువు రానోళ్లం, పిల్లలకు లెక్కలేం చెప్తం?" యూసుఫ్‌గూడ బస్తీలలో తరచుగా వినే మాట ఇది. మరి కృష్ణానగర్ అడ్డా మీద కూలి మాట్లాడేదెవరు? చీటీ, వడ్డీ లెక్కలు నోటితోనే తేల్చేదెవరు? మనమే. కాగితం మీద రాకనే తరతరాలు షావుకారి చిట్టాలో వేలిముద్ర వేసినం. ఆయన రాసిందే బాకీ అయింది.

ఈ హైదరాబాద్‌లోనే 1910లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడులు తెరిచిండు. ఆ పని ఇంట్లో కూడా సాగాలి.

2025లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లలు బేరం లెక్కలు చకచకా చెప్పిన్రు, బడి లెక్కలు కాగితం మీద పెడితే తడబడ్డరు. బడి పిల్లలేమో బజారు లెక్క దగ్గర ఆగిపోయిన్రు. లోపం పిల్లల తెలివిలో లేదు. నోటి లెక్క నుంచి పలక లెక్కకు దారి చూపినోళ్లు లేరు.

ఆ దారి మనం చూపాలి. రోజుకు 700 చొప్పున మూడు రోజుల కూలి, అడ్వాన్సు 500 పోతే చేతికెంత? ముందు నోటితో చెప్పించాలి. తర్వాత పలక మీద రాయించాలి: 2,100 లోంచి 500 తీస్తే 1,600. చిన్న పిల్లలైతే చింతగింజలు పదేసి కుప్పలు పెట్టించాలి. తప్పు పోతే కొట్టొద్దు, "ఎట్ల చేసినవ్ బిడ్డా?" అని అడగాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చదువు చెప్పే బాధ్యత సర్కారుదే. దాన్ని నిలదీస్తూనే రాత్రి పావుగంట బిడ్డ పక్కన కూర్చుందాం. మన కూలి మన బిడ్డ రాసిననాడు ఎవరి చిట్టా మనల్ని ముంచలేదు.