మొండి మరలకు మొండితనం మందు కాదు

అమెరికాలో వేసవి వచ్చిందంటే వీధివీధినా గరాజ్ సేల్స్. ఆ బల్లల కింద అట్టపెట్టెల్లో రిమోట్‌తో నడిచే పాత కార్లు తరచుగా కనిపిస్తుంటాయి. "కదలడం లేదండీ" అని చెప్పి చవగ్గా ఇచ్చేస్తారు. వాటిని కొని బాగుచేయడం కొన్నేళ్ళుగా నాకున్న వ్యాపకం. నేను చూసినంతలో వీటిని చెత్తబుట్ట దాకా తెచ్చేది చాలాసార్లు కాలిన మోటారో, విరిగిన గేరో కాదు, ఊడిరాని ఒక్క మర. అది ఊడకపోవడానికి కారణం మన బలం చాలకపోవడం కాదు. అది ఎందుకు బిగుసుకుందో చూడకుండానే తిప్పడం.

మొదటి దోషం కొలతది. 1984లో కాలిఫోర్నియా కంపెనీ టీమ్ అసోసియేటెడ్ తెచ్చిన ఆర్‌సీ10లో అంగుళాల మరలు. అదే ఏడాది జపాన్ కంపెనీ తమియా తెచ్చిన గ్రాస్‌హాపర్‌లో మిల్లీమీటర్ల మరలు. 2.5 మిల్లీమీటర్ల గుంటలో 3/32 అంగుళం ఆలెన్ కీ హాయిగా దూరుతుంది. కానీ అది 2.38 మిల్లీమీటర్లే! గట్టిగా తిప్పితే ఆ కాస్త ఖాళీయే గుంట మూలల్ని గుండ్రంగా అరగదీస్తుంది. ప్లస్ మరలదీ ఇదే కథ. హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందిన అమెరికా మరకీ, జపాన్ ప్రమాణం మరకీ పైకి తేడా కనిపించదు. అయితే జపాన్ మరలో ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అడుగుదాకా కూర్చోదు. పైకి జారి అంచుల్ని తినేస్తుంది. కనుక తిప్పేముందు గుంటలోని మట్టిని సూదితో గీకి, సరైన కొలత పనిముట్టుని లోపలికంటా దించండి. సగం మరలు అక్కడితోనే దారికొస్తాయి.

రెండోది జిగురు. మర లోహంలోకి బిగించి ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. 1953లో కనెక్టికట్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ రూపొందించిన లాక్‌టైట్, గాలి అందని చోట లోహాన్ని తాకి గట్టిపడుతుంది. నీలం రకం మామూలు పనిముట్లకే లొంగుతుంది. ఎర్ర రకం మెత్తబడాలంటే సుమారు 260 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సోల్డరింగ్ ఐరన్ మొనని మర తలమీద కాసేపు ఆనిస్తే వేడి నేరుగా జిగురుకి చేరుతుంది. టార్చ్ మంట మాత్రం వద్దు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగిపోతుంది. వేడి చేసేముందు లిథియం బ్యాటరీ తీసి దూరంగా పెట్టడం మరవకండి.

మూడోది తుప్పు. సముద్రతీరంలో నడిపిన కార్లలో అల్యూమినియం భాగంలోని ఉక్కు మర ఉప్పునీటికి తుప్పుపట్టి అతుక్కుపోతుంది. ఇక్కడ తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు అల్యూమినియం భాగాన్ని వేడిచేయాలి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. ఈ నూనెనే గట్టిపడిన జిగురు మీద ఎంత పోసినా పెద్దగా లాభం ఉండదు. రోగానికి తగ్గ మందు అనేది ఇందుకే.

తల పూర్తిగా అరిగిపోయిందా? అప్పుడు కొంచెం పెద్ద టార్క్స్ బిట్‌ని సుత్తితో మెల్లగా దిగ్గొట్టి తిప్పాలి. కాకపోతే డ్రెమెల్‌తో తలమీద గాడి కోసి మామూలు స్క్రూడ్రైవర్ వాడాలి. చివరి అస్త్రం డ్రిల్లు. తల తెగిపోగానే మరమీద ఉన్న బిగువు పోతుంది, పై భాగం వచ్చేస్తుంది, మిగిలిన మొండెం చాలాసార్లు పట్టకారుకే తిరుగుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నారు కదా, అందుకే ఈ వరస తప్పకూడదు.

"నీ గంట జీతంతో కొత్తది రాదా?" అని మిత్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. విడిభాగాలు దొరకని చవక బొమ్మ అయితే నేనూ వదిలేస్తాను. కానీ తమియా, ట్రాక్సస్ వంటి కంపెనీలు విడిభాగాలు విడిగా అమ్ముతాయి. గేరు దొరుకుతుంది, బేరింగ్ దొరుకుతుంది. దాన్ని చేరడానికి అడ్డం ఆ ఒక్క మరే. ఎలక్ట్రానిక్ వస్తువుల మరమ్మతు హక్కు కోసం న్యూయార్క్ చట్టం 2023 చివర్లో, కాలిఫోర్నియా, మిన్నెసోటా చట్టాలు 2024 జులైలో అమల్లోకి వచ్చాయి. సంతోషమే. చట్టం విడిభాగాన్నీ మాన్యువల్‌నీ ఇప్పించగలదు, ఓర్పుని ఇప్పించలేదు. మన ఊళ్ళలో సైకిల్ షాపు మెకానిక్ దగ్గర గంటల తరబడి నిలబడి చూసిన మనకి ఆ ఓర్పు కొత్తేమీ కాదు. ఇక్కడి మన పిల్లలకి మాత్రం పాడైతే పారేయడమే తెలుసు. వాళ్ళ చేతికి ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే పోయేదేముంది?

చివరగా ఒక మనవి. తిరిగి బిగించేటప్పుడు లోహానికి మాత్రమే, అదీ ఒక్క చుక్క నీలం జిగురే వాడండి. ప్లాస్టిక్‌లో అయితే ముందు మరని వెనక్కి తిప్పి, పాత గాడిలో పడ్డట్టు తెలిశాకే ముందుకి బిగించండి. ఆ కారు రేపు ఇంకో గరాజ్ సేల్‌లో ఇంకెవరి చేతికో వెళ్ళవచ్చు. వాళ్ళకి ఈ తిప్పలు ఉండవు.