పోలీసు పద్ధతులకూ పరీక్ష

గస్తీ, తనిఖీ, అరెస్టు వంటి పద్ధతుల్లో ఏది నేరాన్ని తగ్గిస్తోందో, ఏది తగ్గించడం లేదో కొలిచి, దాన్నిబట్టి సిబ్బందినీ సొమ్మునూ వినియోగించడమే పరిశోధన ఆధారిత పోలీసింగ్. 1998లో అమెరికాలోని పోలీస్ ఫౌండేషన్ వేదికపై నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ ఈ భావనకు స్పష్టమైన రూపమిచ్చారు. కొత్త మందును పరీక్షించకుండా రోగికి ఇవ్వని వైద్యరంగ నియమం పోలీసు శాఖకూ వర్తించాలన్నది ఆయన వాదన. ఈ అంశంపై ఇప్పుడు స్నాతకోత్తర కోర్సులు నడుస్తున్నాయి. పట్టా పొందిన అధికారి తన శాఖ ఆజ్ఞలనే పరీక్షకు పెట్టగలిగితే, వచ్చిన ఫలితాన్ని శాఖ అంగీకరించగలిగితే తప్ప ఈ చదువుకు సార్థకత లేదు.

తలకిందులైన నమ్మకాలు

ఈ శాస్త్రానికి పునాది 1972-73లో అమెరికాలోని కాన్సస్ సిటీలో పడింది. అక్కడి 15 బీట్లను మూడు వర్గాలు చేశారు. ఒక వర్గంలో రోజువారీ వాహన గస్తీ ఎత్తేసి, ఫోన్ వస్తేనే వెళ్లారు. రెండో వర్గంలో ఎప్పటి గస్తీనే ఉంచారు. మూడో దానిలో గస్తీని రెండు మూడు రెట్లు పెంచారు. నేరాల్లో గానీ, ప్రజల భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఊరంతా జీపులు తిప్పితే నేరం తగ్గుతుందన్న నమ్మకానికి తగిలిన తొలి దెబ్బ ఇది.

అలాగని గస్తీ వృథా అని తేలలేదు. మినియాపొలిస్‌లో పోలీసులకు వచ్చిన ఫోన్లను షెర్మన్ బృందం విశ్లేషించగా, సుమారు 3 శాతం చిరునామాల నుంచే సగం ఫోన్లు వస్తున్నట్లు వెల్లడైంది. దాంతో నేరాలు గుమిగూడే 110 చోట్లను ఎంచుకుని, లాటరీ పద్ధతిలో సగం చోట్ల గస్తీ పెంచి చూశారు. అక్కడ ఫోన్లు, అల్లర్లు తగ్గాయి. అటువంటి చోట ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు నిలబడితే ప్రయోజనం ఎక్కువని నేరశాస్త్రవేత్త క్రిస్టఫర్ కోపర్ 1995లో చూపారు. ఫిలడెల్ఫియాలో 2009లో 60 ప్రాంతాల్లో కాలినడక గస్తీ పెట్టగా హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి. గస్తీ ఎంత అన్నదానికన్నా ఎక్కడ, ఎంతసేపు అన్నదే ముఖ్యమని ఈ ప్రయోగాలు తేల్చాయి.

ఒక్క ప్రయోగంతో విధానం మార్చేస్తే వచ్చే చిక్కు కూడా మినియాపొలిస్‌లోనే బయటపడింది. గృహహింస కేసుల్లో అరెస్టు చేస్తే హింస పునరావృతం కావడం తగ్గుతుందని 1981-82 నాటి ప్రయోగం చెప్పింది. దాంతో అమెరికాలోని చాలా రాష్ట్రాలు అరెస్టును తప్పనిసరి చేశాయి. తర్వాత వేరే నగరాల్లో మళ్లీ పరీక్షిస్తే ఫలితాలు ఒకేలా రాలేదు. మిల్వాకీలో నిరుద్యోగుల విషయంలో అరెస్టు తర్వాత హింస పెరిగింది కూడా.

కోర్సులో ఏముంటుంది?

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నేరశాస్త్ర సంస్థ 1990ల నుంచి పోలీసు అధికారులకు చదువు చెబుతోంది. 2007లో షెర్మన్ అక్కడ ఆచార్యుడిగా చేరాక పరిశోధన ఆధారిత ధోరణి బలపడింది. అక్కడి మాస్టర్స్ కోర్సు రెండేళ్లు. అధికారులు ఉద్యోగం వదలకుండానే, విడతలవారీగా కేంబ్రిడ్జిలో ఉండి చదువుతారు. బోధన సారాంశం మూడు పనులు: సమస్య ఎక్కడ గుమిగూడిందో గుర్తించడం, పరిష్కారాన్ని పోల్చి పరీక్షించడం, సిబ్బంది దాన్ని నిజంగా అమలు చేస్తున్నారో లేదో వెంటపడి చూడటం. ఆధారాల బలాన్ని అయిదు మెట్లుగా లెక్కగట్టే మేరీలాండ్ కొలమానాన్ని కూడా ఈ రంగంలో వాడతారు. కోర్సుకు ప్రాణం మాత్రం చివరి పరిశోధన పత్రమే. అధికారి తన శాఖ సమస్యనే అందులో అధ్యయనం చేయాలి.

ఆ పత్రాలు అటకెక్కవని చెప్పడానికి కాలిఫోర్నియాలోని రియాల్టో ఉదాహరణ. అక్కడి పోలీసు చీఫ్ టోనీ ఫరార్ కేంబ్రిడ్జి విద్యార్థిగా, 2012లో మొదలుపెట్టి ఏడాదిపాటు సిబ్బంది షిఫ్టులను లాటరీ పద్ధతిలో విడగొట్టి కొన్నింటిలో ఒంటిపై కెమెరాలు పెట్టించారు. కెమెరా లేని షిఫ్టుల్లో బలప్రయోగం దాదాపు రెట్టింపు నమోదైంది. పోలీసులపై ఫిర్యాదులు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 90 శాతం తగ్గాయి. ఈ ఫలితం ప్రపంచమంతా పాకింది. అయితే వాషింగ్టన్ నగరంలో రెండు వేలకు పైగా పోలీసులతో చేసిన ప్రయోగంలో కెమెరాల వల్ల కొలవదగిన తేడా ఏదీ రాలేదని 2017లో తేలింది. అనుకూల ఫలితాన్నీ, ప్రతికూల ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చదవడం ఈ విద్యలో ప్రధాన పాఠం.

మన దగ్గరి అనుభవం

భారత్‌కు ఈ దారి కొత్త కాదు. రాజస్థాన్‌లో 11 జిల్లాల్లోని 162 ఠాణాల్లో పోలీసు సంస్కరణలను ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు పరీక్షించారు. ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్ ఆ పరిశోధనలో భాగస్వామి. సిబ్బందికి శిక్షణ, బదిలీల నిలుపుదల ఫలితమిచ్చాయి. వారపు సెలవు, ఠాణాల్లో స్థానిక పరిశీలకులు వంటివి సరిగా అమలే కాలేదు. అదే రాష్ట్రంలో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలను ఒకేచోట కాకుండా మార్చి మార్చి పెట్టినప్పుడు రాత్రి ప్రమాదాలు 17 శాతం, మరణాలు 25 శాతం తగ్గాయి. ఒకేచోట పెట్టిన తనిఖీల వల్ల అటువంటి ప్రయోజనం కనిపించలేదు.

హైదరాబాద్ నగర పోలీసులతో కలిసి ఆర్థికవేత్తలు, మహిళలపై వేధింపులను అరికట్టే షీ టీమ్స్ గస్తీని యూనిఫాంలోనూ మఫ్టీలోనూ 350 చోట్ల పరీక్షించారు. వీధి వేధింపులు మొత్తంగా తగ్గలేదు. యూనిఫాంలో ఉన్న గస్తీ వల్ల మాత్రం బలవంతంగా తాకడం, బెదిరించడం వంటి తీవ్రమైన వేధింపులు 27 శాతం తగ్గాయి. మఫ్టీలో ఉండి పట్టుకోవడం, యూనిఫాంలో కనబడి నివారించడం ఒకే ఫలితాన్నివ్వవని ఇక్కడ తేలింది. ఏ బృందాన్ని ఎక్కడికి, ఏ దుస్తుల్లో పంపాలో నిర్ణయించే అధికారికి ఈ తేడా తెలియాలి.

అడ్డంకులు, హద్దులు

పరిశోధనకు ముడిసరుకు నమ్మదగిన లెక్కలు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకుండా ఫిర్యాదుదారును తిప్పి పంపే చోట కేసుల సంఖ్య నేరాన్ని చూపదు, నమోదు చేయాలన్న సుముఖతనే చూపుతుంది. మధ్యప్రదేశ్‌లో 180 ఠాణాలపై జరిగిన అధ్యయనంలో మహిళా సహాయ కేంద్రాలు పెట్టిన చోట నమోదైన కేసులు పెరిగాయి. దాన్ని నేరాల పెరుగుదలగా చదివితే మంచి పని చేసిన అధికారికే శిక్ష పడుతుంది. రెండో అడ్డంకి బదిలీలు. పోలీసు సంస్కరణలపై వచ్చిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఎస్పీలకు, ఠాణా అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని ఆదేశించింది. ఆ పదవీకాలం దక్కక, ప్రయోగం మొదలుపెట్టిన అధికారి ఫలితం వచ్చేదాకా ఉండకపోతే పరిశోధన పత్రం మధ్యలోనే ఆగుతుంది.

ఈ విద్యకు హద్దులూ ఉన్నాయి. నేరాన్ని తగ్గించే పద్ధతులన్నీ న్యాయమైనవి కావు. ఒక బస్తీలో పదేపదే సోదాలు చేస్తే నేరం తగ్గవచ్చు, అక్కడివారికి పోలీసులపై నమ్మకమూ పోవచ్చు. రాజ్యాంగ హక్కులు ప్రయోగానికి ముందే గీసిన గీతలు. అందుకే పాఠ్యాంశాల్లో గణాంకాలతో పాటు పరిశోధన నైతికత, ప్రజల అభిప్రాయాన్ని కొలిచే సర్వేలు తప్పనిసరిగా ఉండాలి.

ఐపీఎస్‌లకు శిక్షణనిచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాద్‌లోనే ఉంది. ఆ అకాడమీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఇలాంటి కోర్సు నడిపితే మూడు షరతులు పెట్టుకోవాలి. ఐపీఎస్‌లతో పాటు ఠాణాలు నడిపే సీఐలకూ, ఎస్సైలకూ అందులో చోటుండాలి. పరిశోధన పత్రం ఆ అధికారి పనిచేసే ప్రాంత సమస్యపైనే ఉండి, పూర్తయ్యేవరకూ అతణ్ని బదిలీ చేయకూడదు. ఫలితం ఆశించినట్లు రాకపోయినా ప్రచురించాలి.