దుకాణంలో చోరీ: భవన యజమాని బాధ్యత ఎంతవరకు?

తెల్లవారి వచ్చేసరికి షట్టర్ వంగి ఉంటుంది, గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. పోలీసులకు ఫిర్యాదు చేశాక అద్దె వ్యాపారి మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే: నెలనెలా అద్దె పుచ్చుకుంటున్న భవన యజమానికి ఈ నష్టంలో బాధ్యత లేదా? చట్టం ఇచ్చే తొలి సమాధానం వ్యాపారికి రుచించదు. సాధారణంగా లేదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ యజమాని విధులను పేర్కొంటోంది. అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా తనకు తెలిసి ఉంటే ముందే వెల్లడించాలి. అద్దె సక్రమంగా అందుతున్నంత కాలం అద్దెదారు అనుభవానికి ఆటంకం రానివ్వరాదు. ఈ రెండో హామీని దొంగల నుంచి రక్షణగా పొరబడే అవకాశం ఉంది. అది హక్కు పేరిట ఎదురయ్యే ఆటంకాలకు సంబంధించినదే గాని, గోడ దూకి వచ్చే అపరిచితుడికి వర్తించేది కాదు.

మరి పరాయి సొత్తును భద్రపరిచే బాధ్యత ఎప్పుడు పుడుతుంది? ఆ సొత్తు చేతికి అందినప్పుడు. అతిథి తాళం చెవి అప్పగించిన కారు హోటల్ ఆవరణలో చోరీకి గురైతే హోటలే జవాబుదారీ అని 2019 నవంబరులో తాజ్‌మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దుకాణం తాళం మాత్రం అద్దెదారు చేతిలోనే ఉంటుంది. సరుకు యజమాని సంరక్షణలోకి రానే రాదు.

అయితే నేటి వాణిజ్య సముదాయాల్లో పరిస్థితి ఇంత సరళంగా లేదు. అద్దెకు తోడు నిర్వహణ రుసుము వసూలు చేస్తారు; అందులో వాచ్‌మన్ జీతం, సీసీ కెమెరాల ఖర్చు కలిసి ఉంటాయి. రక్షణకు సొమ్ము తీసుకున్నవారు రక్షణ తమ పని కాదనడం న్యాయంగా తోచదు. బ్యాంకు లాకర్ల విషయంలో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాదాపు ఇదే దృష్టిని కనబరచింది. లోపల ఏముందో తెలియదన్న సాకుతో బ్యాంకులు తప్పించుకోలేవని స్పష్టం చేసింది. ఆ తరువాత రిజర్వ్ బ్యాంకు, చోరీ వంటి సందర్భాల్లో లాకర్ వార్షిక అద్దెకు 100 రెట్ల మేర బ్యాంకుకు బాధ్యత ఉంటుందని నిర్దేశించింది. దుకాణాల యజమానులకు ఇలాంటి నియమం ఏదీ లేదు. వారిపై నిర్లక్ష్యాన్ని అద్దెదారే సాక్ష్యాధారాలతో రుజువు చేయాలి.

వెనుక తలుపు చట్రం పుచ్చిపోయిందని నోటిమాటగా చెబితే చాలదు, లిఖితపూర్వకంగా తెలియజేయాలి. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు తరువాత తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని అదే 108వ సెక్షన్ చెబుతోంది. ఏ మరమ్మతు ఎవరిదన్నదే అసలు తగాదా. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నిర్మాణపరమైన మరమ్మతులను యజమానికి, తలుపుల తాళాల మార్పిడిని అద్దెదారుకు కేటాయించింది. రాష్ట్రాలు చట్టంగా తెచ్చుకుంటేనే అది అమలులోకి వస్తుంది.

బీమా ఉంది కదా అన్న ధీమాకూ హద్దుంది. దొంగతనానికి ముందు బలప్రయోగం జరగాలని పాలసీలో ఉంటే, అది లేని చోరీకి పరిహారం రాదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. మారు తాళంతో తలుపు తీసి సరుకు తరలిస్తే పగిలిన జాడ ఏదీ మిగలదు. అలాంటి పాలసీ వ్యాపారికి అక్కరకు రాదు. విచిత్రమేమిటంటే, ఆ మారు తాళం యజమాని వద్దో, ఆయన వాచ్‌మన్ వద్దో ఉండిపోయిందని చూపగలిగితే, వ్యాపారి వాదన అక్కడే అన్నిటికన్నా బలంగా నిలుస్తుంది. ఒప్పందం నాడు ఎన్ని తాళం చెవులు ఎవరెవరికి ఇచ్చారన్న ఒక్క వాక్యం రాసుకోని పత్రాలే మన బజార్లలో ఎక్కువ.

కోపంతో అద్దె నిలిపివేయడం మాత్రం వ్యాపారికే చేటు. చోరీ జరిగిందని అద్దె బకాయి మాఫీ కాదు సరికదా, యజమాని చేతికి ఖాళీ చేయించే కారణం దొరుకుతుంది.