చోటును కాసేవాళ్లు

క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడ్డ ఫీల్డర్‌కు బ్యాట్స్‌మన్ ఎవరైతేనేం? తన వైపు వచ్చిన బంతి తనది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ‘జోన్ కవరేజ్’ కూడా ఇంచుమించు అంతే. ‘మ్యాన్’ పద్ధతిలో ఒక్కో డిఫెండర్ ఒక్కో రిసీవర్ వెంట నీడలా పరిగెత్తుతాడు. జోన్‌లో అలా కాదు. తలా కొంత జాగా పంచుతారు. అందులోకి ఎవరొచ్చినా చూసుకోవాలి, కళ్లు మాత్రం బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదే ఉండాలి. రిసీవర్ వెంట పడి పరిగెత్తేవాడికి ఈ సదుపాయం ఉండదు.

చిక్కల్లా జాగా ఎక్కువ, మనుషులు తక్కువ కావడం. మైదానం వెడల్పే 53 గజాల పైచిలుకు. 11 మందిలో నలుగురు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకితే మిగిలేది ఏడుగురు. ‘కవర్ 2’లో వెనక ఇద్దరు సేఫ్టీలు చెరి సగం కాస్తారు, ముందు ఐదుగురు దగ్గరి పాస్‌ల సంగతి చూస్తారు. సేఫ్టీలిద్దరి నడుమ మాత్రం పెద్ద సందు. ప్రత్యర్థుల కన్నంతా దానిమీదే.

టాంపా బే బకనీర్స్ కోచ్ టోనీ డంజీ, ఆయన డిఫెన్స్ సారథి మాంటీ కిఫిన్ 1990ల చివర్లో ఆ సందు మూసే బాధ్యతను మధ్య లైన్‌బ్యాకర్‌కు అప్పగించారు. పాస్ అని పసిగట్టగానే అతడు వెనక్కి పరుగు తీయాలి. దానికి ‘టాంపా 2’ అని పేరొచ్చింది. ఆలోచన బీజం మాత్రం 1970ల నాటి పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ది. ఆ జట్టులో డంజీ ఆటగాడు.

డిఫెన్స్ ఎంత గట్టిదైనా టాంపా సూపర్ బౌల్ దాకా వెళ్లలేకపోయింది. 2002 జనవరిలో డంజీకి ఉద్వాసన పలికారు. ఆయన స్థానంలో ఓక్లాండ్ రైడర్స్ కోచ్ జాన్ గ్రూడెన్‌ను తెచ్చుకోవడానికి 80 లక్షల డాలర్లు, పైగా నాలుగు డ్రాఫ్ట్ అవకాశాలు ధారపోశారు. గ్రూడెన్ తెలివైన పని ఒకటి చేశాడు. కిఫిన్‌ను, ఆయన పద్ధతిని కదపలేదు.

2003 జనవరి 26, శాన్ డియాగో. సూపర్ బౌల్‌లో టాంపా ఎదుట నిలిచింది అదే రైడర్స్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రిచ్ గానన్ ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు. అతడి ఆట గ్రూడెన్‌కు కొట్టిన పిండి. ప్రాక్టీసులో తనే గానన్ పాత్ర వేసి మరీ చూపించాడు. మైదానంలో గానన్ ఏకంగా ఐదు పాస్‌లు ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడు. 34-3తో చిత్తయ్యిందనుకున్న రైడర్స్ 34-21 దాకా పుంజుకున్న దశలో లైన్‌బ్యాకర్ డెరిక్ బ్రూక్స్ ఒక పాస్‌ను లాక్కుని 44 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చివరికి 48-21. డంజీ అప్పటికి ఇండియానాపోలిస్ కోచ్. తన కప్పు కోసం ఆయన 2007 దాకా ఆగాల్సి వచ్చింది.

పేరు బంతి లాక్కున్నవాళ్లకు దక్కింది కానీ అందులో సగం ముందువరస నలుగురిది. ఆ రోజు గానన్‌ను ఐదుసార్లు నేలకూల్చారు. విసిరేవాడికి తీరిక దొరికితే ఏ జోన్ అయినా ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుంది. ఇద్దరు కాపలాదారుల హద్దు దగ్గర రిసీవర్ ఆగాడంటే ‘నువ్వు చూస్తావనుకున్నా’ అన్న మాటే మిగులుతుంది.

2022 జనవరి 23న బఫెలో బిల్స్‌కు ఎదురైంది ఆ హద్దుల బెడదే. కాన్సాస్ సిటీ చీఫ్స్‌పై 36-33 ఆధిక్యం, మిగిలింది 13 సెకన్లు. పెద్ద పాస్ పడుతుందన్న భయంతో బిల్స్ బాగా వెనక్కి జరిగింది. ప్యాట్రిక్ మహోమ్స్ ఆ ఖాళీలోకి రెండే పాస్‌లు విసిరాడు. ఒకటి 19 గజాలు, మరొకటి 25. ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమమైంది, ఓవర్‌టైమ్‌లో చీఫ్స్ 42-36తో గెలిచింది. ఆ సీజన్‌లో పాస్‌ల మీద ప్రత్యర్థులకు అతి తక్కువ గజాలిచ్చిన జట్టు బిల్సే.